టన్నెల్ మూసేశారు, డాక్టర్లు బస్సెక్కారు

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ పార్క్‌వే స్టేషన్‌లో రైలు ఆపి అందర్నీ దింపేశారు. సెవెర్న్ నది కింద నుంచి వేల్స్‌కి పోయే టన్నెల్‌లో పట్టాల పనులట. ఆదివారం వస్తే ఈ దేశంలో ఎక్కడో ఒకచోట పట్టాలు తవ్వుకుంటూనే ఉంటారు. న్యూపోర్ట్ దాకా బస్సులో పోయి, అక్కడ మళ్లీ రైలెక్కాలి. మా అక్కావాళ్లుండే రెడింగ్ నుంచి వేల్స్ రాజధాని కార్డిఫ్‌కి రానూపోనూ ఇద్దరికీ కలిపి 100 పౌండ్లకు అటూ ఇటూగా పోశాను. మన లెక్కలో 11 వేలు. ఆ డబ్బు పెడితే మా ఇంటిల్లిపాదీ తెనాలి నుంచి విశాఖ వెళ్లి, తిని, తిరిగొచ్చేవాళ్లం. మా అక్క కూతురు శ్రావ్య మాత్రం బస్సు అనగానే ఉషారుగా, "పర్లేదులే మామయ్యా, బ్రిడ్జి మీద నుంచి పోతాం" అంది.

ప్రయాణం పెట్టిందే ఆ పిల్ల. దానికి పద్నాలుగేళ్లు, పుట్టిందీ పెరిగిందీ రెడింగ్‌లోనే. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ కోపం వస్తే ఇంగ్లీషులోకి దూకుతుంది. దాని ప్రాణమంతా 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది, కెనెడీని కాల్చి చంపిన మర్నాడు. మధ్యలో 1989లో ఆపేసి, 1996లో ఒక్క టీవీ సినిమా తీసి, 2005లో కార్డిఫ్ నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. హీరో మనిషి కాదు, వేరే గ్రహం వాడు. నీలం రంగు పోలీసు టెలిఫోన్ డబ్బాలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. మొదటి హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైతే సీరియల్ ఆపడం ఇష్టంలేక, ఈ డాక్టర్ చావుకి దగ్గరైనప్పుడు శరీరం మార్చుకుంటాడని 1966లో ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయమే ఇన్నేళ్లు లాక్కొచ్చింది. ఒకే పాత్ర, డజనుకు పైగా హీరోలు. ఇక ఎవరు గొప్ప అన్న గొడవకు అంతుంటుందా?

ఆ గొడవ నాకు ఇంట్లోనే రోజూ వినబడుతూ ఉండేది. మా బావ డేవిడ్ టెనంట్ అంటాడు, శ్రావ్య పీటర్ కపాల్డీ అంటుంది, మా అక్క "అన్నం చల్లారిపోతోంది" అంటుంది. బస్సులో కూడా అదే ఎదురొస్తుందని మాత్రం నేననుకోలేదు.

స్టేషన్ బయట వానలో అరగంట పైనే నిలబెట్టారు. బస్సు వచ్చాక ఎవరు ముందెక్కాలో చెప్పే నాథుడు లేడు. అయినా తోపులాట లేదు, క్యూ దానంతటదే కదిలింది. ఆ ఒక్క విషయంలో వీళ్లను మెచ్చుకోవాలి. మాకు వెనకవైపు సీట్లు దొరికాయి. నడవాకి అవతల డెబ్బై ఏళ్ల పెద్దావిడ, పక్కన నలభై దాటిన కొడుకు. శ్రావ్య సంచికి వేలాడుతున్న బుల్లి డాలెక్ బొమ్మ చూసి ఆవిడ నవ్వింది. డాలెక్ అంటే ఆ సీరియల్లో విలన్లు, బోర్లించిన పీపాల్లా ఉండి కీచుగొంతుతో అరుస్తాయి. "నీ డాక్టర్ ఎవరమ్మా?" అని అడిగింది.

అంతే. న్యూపోర్ట్ వచ్చేదాకా నేను కిటికీలోంచి చూసింది తక్కువ.

శ్రావ్య కపాల్డీ పేరు చెప్పి, 2015లో వచ్చిన 'హెవెన్ సెంట్' అన్నిటికన్నా గొప్ప కథ అంది. ఎపిసోడ్ అంతా దాదాపు ఆయనొక్కడే. ఒక కోటలో చిక్కుకుపోయి, వజ్రం కన్నా గట్టి గోడను పిడికిలితో కొడతాడు, చస్తాడు, మళ్లీ మొదట్నుంచి కొడతాడు, అలా 450 కోట్ల సంవత్సరాలు. దాంట్లో కొంత భాగం కార్డిఫ్ పక్కనున్న కేర్‌ఫిలీ కోటలోనే తీశారు. కొడుకు తల అడ్డంగా ఊపాడు. బాగా తీశారు, ఒప్పుకుంటా, కానీ మొదటి స్థానం 1975 నాటి 'జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్'దే అన్నాడు. హీరో టామ్ బేకర్. ఏడేళ్లు చేశాడు, అతనంత కాలం వరసగా చేసినవాడు ఇంకొకడు లేడు. ఆ కథలో డాలెక్‌లను పుట్టకముందే తుదముట్టించడానికి రెండు వైర్లు కలిపితే చాలు. డాక్టర్ రెండు చేతుల్లో రెండు వైర్లు పట్టుకుని, నాకా హక్కుందా అని ఆగిపోతాడు. "ఆ సీను ముందు ఏదీ నిలవదు" అన్నాడాయన, కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా.

"టెరీ నేషన్ మన కార్డిఫ్‌వాడు గనక ఇచ్చావులే" అంది వాళ్లమ్మ.

ఆయన మొహం ఎర్రబడింది. ఆ కథ రాసినవాడు కార్డిఫ్‌లోని లాండాఫ్‌లో పుట్టిన మాట నిజమే గానీ తన లిస్టుకి దానితో సంబంధం లేదన్నాడు. అభిమానులు ఓట్లేసిన లెక్కలు కూడా తీశాడు. 2009లో డాక్టర్ హూ మ్యాగజైన్ అప్పటిదాకా వచ్చిన 200 కథలకు పాఠకులతో ర్యాంకులు వేయిస్తే మొదటిది 'ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజాని', అట్టడుగున 'ది ట్విన్ డైలెమా'. ఇందులో తమాషా ఏమిటంటే ఆ రెండూ 1984 మార్చిలో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పీటర్ డేవిసన్ ఆఖరి కథ అయిపోయి వారం తిరక్కుండానే కాలిన్ బేకర్ మొదటి కథ. అదే నిర్మాత, అదే ఆఫీసు. శిఖరానికీ లోయకీ మధ్య ఆరు రోజులు. ఇది విన్నాక నాకు కూడా ఉత్సాహం వచ్చింది. కాలిన్ బేకర్ చేతకానివాడా అని అడిగాను. "కాదు. మొదటి కథలోనే హీరో చేత తోటి అమ్మాయి గొంతు పిసికించారు. ఆ పైన ఆయన ఏం చేస్తే మాత్రం జనం క్షమిస్తారు?" అన్నాడు.

అంటే నటుడి ర్యాంకు వేరు, కథ ర్యాంకు వేరు. శ్రావ్య వెంటనే 'బ్లింక్' సంగతెత్తింది. 2007లో వచ్చింది, ఏ లిస్టులో చూసినా పైవరసలో ఉంటుంది. అందులో డాక్టర్ కనబడేదే కొద్దిసేపు. రెప్పవేస్తే మీదికొచ్చే రాతి విగ్రహాలు, ఒక అమ్మాయి, అంతే కథ. హీరో లేని సినిమా హీరో ఖాతాలో హిట్టుగా పడినట్టన్నమాట.

ఎమ్‌ఫోర్ హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అద్దాలకు ఆవిరి పట్టింది. డ్రైవరు మైకులో ఏదో అన్నాడు, ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ అడగలేదు. అప్పుడు ఆ పెద్దావిడ నింపాదిగా, "మీరెవరూ చూడనిది నేను చూశాను" అంది.

ఆవిడ ఓటు రెండో డాక్టర్ పాట్రిక్ ట్రౌటన్‌కి. కథ 1966లో వచ్చిన 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్'. హీరో మొహం మారిపోవడం అదే మొదటిసారి. న్యూపోర్ట్‌లో వాళ్ల నాన్న కొన్న నలుపు తెలుపు టీవీ ముందు కూర్చుని, ఈ కోతిచేష్టల మనిషి మా డాక్టర్ కాడని పిల్లలంతా మొండికేశారట. కథలో వెంట ఉన్నవాళ్లకీ అదే అనుమానం. అప్పుడొక డాలెక్ తన కంటి గొట్టాన్ని తిప్పి అతన్నే చూస్తుంది. మనుషులు పోల్చుకోలేనివాణ్ణి శత్రువు పోల్చుకుంది. "వీడే డాక్టరని నాకు డాలెక్ చెప్పింది" అంది ఆవిడ.

కొడుకు ఒప్పుకోలేదు. ఇది వాళ్లింట్లో పాత తగాదాలాగే ఉంది. ఆ కథ ఆరు భాగాల్లో ఒక్కటి కూడా ఇవాళ లేదు. అప్పట్లో వీడియో టేపు ఖరీదెక్కువ, మళ్లీ ప్రసారం చేసే అవకాశం తక్కువ, ఇంట్లో కొనుక్కుని చూసే రోజులు కావు. అందుకని బీబీసీవాళ్లు చెరిపేసి వేరే కార్యక్రమాలకు వాడుకున్నారు. విదేశాలకు పంపిన ఫిల్ములు కూడా చాలావరకు పారేశారు. పిల్లలు టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి దాచుకున్న ధ్వని మాత్రం మిగిలింది. దానికి బొమ్మలు గీసి 2016లో యానిమేషన్ చేశారు. "కనబడని దానికి ర్యాంకు ఎలా ఇస్తావమ్మా?" అని కొడుకు వాదన. అలాగే కనబడకుండా పోయిన 'ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' కూడా చూసినవాళ్లంతా ఆహా ఓహో అన్నదే. హాంకాంగ్‌లో ఫిల్ములు దొరికి 1992లో వీడియోగా వచ్చాక, ఇంతేనా అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. 2013లో నైజీరియాలో దొరికిన 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్' సంగతి తిరగబడింది. దొరక్కముందు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, దొరికాక నెత్తిన పెట్టుకున్నారు. కాబట్టి జ్ఞాపకాన్ని నమ్మకూడదు అన్నాడు.

ఆవిడ ఏమీ తొణకలేదు. "నువ్వు చూళ్లేదు. నేను చూశాను" అంది.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాగా వచ్చింది కూడా ఆ 1966లోనే. జమున సత్యభామ. మా మేనమామలంతా ఆ వాలుజడకి, ఆ పొగరుకి పడిపోయినవాళ్లే. టీవీలో వచ్చినప్పుడల్లా ఇంతటి సత్యభామ లేదనేవాళ్లు. అమ్మమ్మ మాత్రం ఒత్తులు చేసుకుంటూ, "మీరు స్థానం వారిని చూళ్లేదుగా" అనేది. స్థానం నరసింహారావు గారు బాపట్లవాడు, ఆడవేషం కట్టి స్టేజీ మీద సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారని అమ్మమ్మ మాట. తెనాలిలో ఎడ్లబండి కట్టించుకుని పోయి చూసిందట. ఆ రాత్రి ఆయన ఎలా నడిచాడో చూపించడానికి ఏ ఫిల్మూ లేదు. మామయ్య ఎగతాళి చేసేవాడు: "పోయినవాళ్లందరూ గొప్పవాళ్లే. చూపించు, ఒప్పుకుంటాం." అమ్మమ్మ చూపించలేకపోయింది, ర్యాంకు తగ్గించనూ లేదు. అప్పట్లో నేను మామయ్య పక్షం. ఇప్పుడు ఈ బస్సులో పెద్దావిడ వైపు ఒరిగాను. వాదనలో పస చూసి కాదు. ఆవిడ డాలెక్ కంటి గొట్టం తిరిగిన తీరు చేత్తో చూపిస్తుంటే శ్రావ్య రెప్పవేయకుండా చూసింది, అందుకని.

కొడుకు కూడా చూస్తున్నాడు. ఎన్నోసారో మరి.

బ్రిడ్జి ఎక్కాం. శ్రావ్య అంత మురిసిపోయిన బ్రిడ్జి వచ్చేసరికి వాన మూలాన సెవెర్న్ నది ఎక్కడుందో, మబ్బు ఎక్కడుందో తెలీలేదు. అవతలి ఒడ్డున బోర్డులు రెండు భాషల్లోకి మారాయి, వేల్స్ భాష, ఇంగ్లీషు. న్యూపోర్ట్‌లో వాళ్లిద్దరూ దిగి ఇంటికి పోయారు. వెళ్తూ ఆవిడ నన్ను "నీ డాక్టర్ ఎవరో చెప్పలేదు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

కార్డిఫ్ గురించి చెప్పాల్సింది తక్కువ. బే దగ్గర ఉండే డాక్టర్ హూ ఎగ్జిబిషన్ 2017లోనే మూసేశారు. అప్పుడు శ్రావ్య ఆరేళ్ల పిల్ల, వాళ్లమ్మ తీసుకెళ్తానని తీసుకెళ్లలేదు, ఆ కక్ష ఇప్పటికీ ఉంది. నీళ్లకు అవతల, ఈ సీరియల్ తీసిన రోత్ లాక్ స్టూడియో బయట గోడ చూశాం. గోడకు ఫొటో తీశాం. ఒక కెఫేలో రెండు టీలు, రెండు వెల్ష్ కేకులు కలిపి 13 పౌండ్లు తీసుకున్నారు. పెనం మీద కాల్చిన బిస్కట్టులాంటిది, కిస్మిస్ వేసి పంచదార చల్లింది, వేడిగా ఉంటే బాగానే ఉంది. టీ మాత్రం పాలసంచీ కడిగిన నీళ్లు.

అక్కడ నన్ను ఆపింది మర్‌మెయిడ్ క్వే దగ్గర ఒక గోడ. దాన్నిండా ఉత్తరాలు, ఫొటోలు, ప్లాస్టిక్ పూలు, టైలు. ఎవరో కుర్రాడు ప్రమాదంలో పోయాడనుకుని చెప్పులు విప్పబోయాను. "మామయ్యా, ఆగు, అది ఇయాంటో" అంది శ్రావ్య. డాక్టర్ హూకి పిల్ల సీరియల్ 'టార్చ్‌వుడ్'లో ఇయాంటో జోన్స్ అనే పాత్ర 2009లో చచ్చిపోయింది. అభిమానులు ఏడ్చి ఈ గోడ మీద ఉత్తరాలు అంటించడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అంటిస్తూనే ఉన్నారు. నటుడు గారెత్ డేవిడ్ లాయిడ్ నిక్షేపంగా ఉన్నాడు. ఈ నివాళి అంతా పాత్రకే. చచ్చినా మొహం మార్చుకుని బతికే హీరో ఊళ్లో, మళ్లీ లేవని ఒక చిన్న గుమాస్తా పాత్రకి గోడ కట్టారు. ఈ గోడకి ఏ లిస్టులో ర్యాంకు ఇస్తారో ఆ కొడుకుని అడగాల్సింది.

తిరుగు ప్రయాణంలోనూ బస్సే. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్లలోంచి తలెత్తలేదు. రెడింగ్ చేరేసరికి బాగా పొద్దుపోయింది.

ఆ వారంలో శ్రావ్య నాకు క్లాసు పెట్టింది. 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్' యానిమేషన్ చూశాం. గొంతులు బ్రహ్మాండం, బొమ్మలు కొయ్యబారినట్టున్నాయి. డాలెక్ కన్ను తిరిగింది గానీ ఆవిడ చేత్తో చూపించినంత భయం వేయలేదు. 'బ్లింక్' చూసి ఆ రాత్రి మా బావ తోటలో పెట్టిన సిమెంటు దేవకన్యను గోడవైపు తిప్పి వచ్చాను. ఆఖర్న 2018 నాటి 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' పెట్టింది. జోడీ విటేకర్ డాక్టర్, రాసింది వినయ్ పటేల్. 1947 ఆగస్టు, దేశ విభజన. స్పెయిన్‌లో తీశారట గానీ పొలాలు మన పొలాల్లాగే ఉన్నాయి. కొత్తగా గీసిన సరిహద్దు మీద ఒక పెళ్లి, పెళ్లికొడుకుని చంపడానికి వచ్చిన సొంత తమ్ముడు. కాలాన్ని తిప్పగలిగిన డాక్టర్ ఏమీ చేయకుండా వెనక్కి తిరిగి నడిచిపోవాల్సి వస్తుంది. గోడ బద్దలుకొట్టడం లేదు, వైర్లు కలపడం లేదు.

శ్రావ్య నోటుబుక్ తీసింది. "ఇప్పుడు చెప్పు మామయ్యా, నీ ఫస్ట్ ఏది?"

"ఇదే."

"అది ఇండియా అని ఇచ్చావ్."

"అవును. రాసుకో."