ఒకే వాక్యం, మా ఇంట్లో రెండు పద్ధతులు

మా పుట్టింటివారు గుంటూరు లూథరన్లు, అత్తింటివారు ఒంగోలు బాప్టిస్టులు. మా అమ్మాయికి నెలల పిల్లగా ఉన్నప్పుడే గుంటూరులో, మా నాన్నగారి సంఘంలో, నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. డల్లాస్‌లో పుట్టిన అబ్బాయికి ఇవ్వలేదు. వాడు పెరిగి, నమ్మి, తన నోటితో ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలన్నది మావారి విశ్వాసం. రెండు కుటుంబాల పెద్దలూ ఒకరి మాట ఒకరు మన్నించి కుదుర్చుకున్న ఏర్పాటు ఇది.

ఇప్పుడు అమ్మాయికి పద్నాలుగేళ్లు. స్నేహితురాలితో వెళ్లే అమెరికన్ సంఘంలో, చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదని, సభ్యత్వం కావాలంటే మళ్లీ ముంచి ఇవ్వాలని చెప్పారు. ఇంటికి వచ్చి, "వాళ్లు బైబిలు చదివి చెబుతున్నారమ్మా. మనవాళ్లు ఆచారం ప్రకారం చేసేశారు" అంది. బాప్తిస్మం సంగతి కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆలోచన ఇక్కడివాళ్లదని, ఆచారం మనదని ఈ దేశంలో పెరిగే మన పిల్లల మనసుల్లో మెల్లగా పేరుకుపోతుంది. అది నిజం కాదు.

ఆ వారమంతా అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే తన ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందాడు. ఇల్లంటే పిల్లలు కూడా కదా, వాగ్దానం మీకూ మీ పిల్లలకూ అని పేతురు పెంతెకొస్తు దినాన చెప్పాడు కదా అంటారు లూథరన్లు. అదే అధ్యాయం చూపించి, ముందు ఇంటివారందరికీ వాక్యం బోధించారు, విన్నాకే బాప్తిస్మం అంటారు బాప్టిస్టులు. రెండు పక్షాలూ చదివే తేల్చుకున్నాయి. 1527లో జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ అనే అనాబాప్టిస్టును (పసిపిల్లల బాప్తిస్మం చెల్లదనే పక్షం వాడిని), పెద్దవాళ్లకు తిరిగి బాప్తిస్మం ఇచ్చినందుకు, నదిలో ముంచి చంపారని చెబితే అమ్మాయి నిర్ఘాంతపోయింది. పాలమూరు ప్రాంతంలోని మెనొనైట్ బ్రదరన్ సంఘాల మూలాలు ఆ అనాబాప్టిస్టులలోనే ఉన్నాయి.

ఇక ఒంగోలు కథ మావారు చెప్పారు. 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, సాయం అందించినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరు మొత్తం తమను దూరంగా పెట్టిన కాలంలో ఒక్కొక్కరూ నోరు తెరిచి తమ విశ్వాసం చెప్పుకున్నారు, కానీ పల్లెకు పల్లె కలిసి వచ్చారు. సొంత నిర్ణయం అమెరికా పద్ధతి, కుటుంబమంతా కలిసి నడవడం మన పద్ధతి అని గీత గీయాలనుకునేవారు ఆ ఏటి ఒడ్డున ఏ వైపు నిలబడతారు?

ముసుగు విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆదివారం ఉదయం వెళ్లే ఇంగ్లిష్ ఆరాధనలో ఒక్క స్త్రీ తలమీదా ముసుగు ఉండదు. మధ్యాహ్నం మా తెలుగు సహవాసంలో అందరి తలమీదా చున్నీయో పైటచెంగో ఉంటుంది. ఇది భారతీయ సంస్కృతి మాత్రమే అనుకుంది మా అమ్మాయి. అమెరికాలోనే పెన్సిల్వేనియాలో ఉండే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ స్త్రీలు నేటికీ టోపీ లేకుండా బయటికి రారు. కాథలిక్కుల 1917 నాటి సంఘ చట్టంలో స్త్రీలు గుడిలో తల కప్పుకోవాలనే నియమం ఉండేది; 1983 చట్టంలో అది లేదు. అందరూ చదివింది, ప్రార్థించే స్త్రీ తల కప్పుకోవాలని చెప్పే 1 కొరింథీయులకు 11వ అధ్యాయమే. అక్కడే పురుషుడికి పొడవైన జుట్టు అవమానమని కూడా ఉంది. పవిత్రమైన ముద్దుతో వందనాలు చెప్పుకోమని పౌలు రోమీయులకు రాశాడు. మన సంఘాల్లో చేతులు జోడించి వందనాలు చెప్పుకుంటాం, ఎవరూ తప్పు పట్టరు. ఏది అన్ని కాలాలకూ ఆజ్ఞ, ఏది ఆ ఊరి మర్యాద అని మనమూ తూచుకుంటూనే ఉన్నామన్నమాట.

నా వరకు నేను ముసుగు వేసుకుంటాను. దేవుని ముందు నిలబడ్డానన్న ఎరుక అది నాకిస్తుంది. అమ్మాయికి చేసిన బాప్తిస్మం పూర్తి బాప్తిస్మమే అని నమ్ముతాను, దాన్ని చెల్లదనడం ఒప్పుకోను. అది దానికి స్పష్టంగా చెప్పాను. నాన్న వేరుగా నమ్ముతారని, ఆయన దగ్గరా లేఖనం ఉందని కూడా చెప్పాను.

మన సహవాసాల పెద్దలకు ఒక విన్నపం. మన హాలులో లూథరన్లు, బాప్టిస్టులు, సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు, పెంతెకొస్తు వాళ్లు, బ్రదరన్ వాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. సండే స్కూల్లో పెద్ద పిల్లలకు ఈ తేడాలను దాచకుండా, ఎవరి వాదన వారి చేతనే చెప్పించండి. మా ఇంట్లో చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. చెరసాల నాయకుడి ఇంట్లో పసిపిల్లలు ఉన్నారని ఎక్కడా రాయలేదు కదా అని మొన్న మావారు అంటే, "లేరని మాత్రం ఎక్కడ రాశారు నాన్నా?" అని అడిగాడు మా అబ్బాయి.