ఎవరూ చెప్పలేదమ్మా

మళ్ళీ తవ్వారు. మొన్న పోసిన సిమెంటు రోడ్డునే, సరిగ్గా మా గేటు ముందు. ఈసారి కేబులు వాళ్ళు. జేసీబీ మంచినీళ్ళ పైపును పెళ్ళగించేసింది. నీళ్ళన్నీ కాలవ పాలవుతుంటే అత్తయ్య ఖాళీ బిందె పట్టుకుని ఎలా అరిచిందో మీరు ఊహించుకోగలరు.

"కింద పైపుందని చూసుకోవద్దా?" అన్నాను. "ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు డ్రైవరు. ఆ మాటే ఇప్పుడు నిద్ర పట్టనివ్వడం లేదు.

చెప్పే దారి లేకేం? 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ తెచ్చింది. తవ్వేముందు అందులో నమోదు చేస్తే, ఆ చోట లైన్లున్న సంస్థలకు కబురు వెళ్తుంది. ఇనప పైపైతే లొకేటరుంది: పైపుకి తీగ తగిలించి సిగ్నల్ పంపితే, పైన రిసీవరుతో నడిచే మనిషికి లైను ఎటు పోతోందో తెలుస్తుంది.

తెనాలిలో అమ్మమ్మ వాళ్ళ వీధికి నీళ్ళు వదిలే తాత ఉండేవాడు. లీకు అనుమానం వస్తే రాత్రి వీధి సద్దుమణిగాక వచ్చేవాడు. ఇనప కడ్డీ ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. మేం పిల్లలం ఊపిరి బిగబట్టి అరుగు మీద కూర్చునేవాళ్ళం. నాకూ ఒకసారి వినిపించాడు. సన్నగా, విడవకుండా, బుసలాంటి చప్పుడు. "ఇదుగో, ఇక్కడ తవ్వండి" అంటే అక్కడే చెమ్మ కనబడేది. ఏ లైను ఎక్కడ మలుపు తిరిగిందో ఆయనకి కంఠతా వచ్చు.

అలాంటి మనిషి ఒక్కడుంటే చాలని రాయబోయాను. చాలడు. ఆయన రిటైరయ్యాక ఒక వాల్వు కోసం వీధి సగం తవ్వారు. అంతా ఆయన తలలోనే ఉండిపోయింది, కాగితం మీదకి ఎక్కలేదు.

పోనీ యంత్రాలైనా? మాది పీవీసీ పైపు, సిగ్నల్ పారదు. వేసేటప్పుడే పక్కన రాగితీగ పరిచుంటే దొరికేది. నేల లోపలికి చూసే రాడారుంది గానీ, గుంటూరు నల్లరేగడి తడిస్తే దాని తరంగాల్ని పైపైనే మింగేస్తుంది. అందుకే జేసీబీ దింపకముందు పలుగూ పారతో, మెల్లగా, ఒక చిన్న గుంట తవ్వి చూడాలి. ఆ కాసేపు ఓపిక లేకే వీధి వీధంతా ఎండింది!

సాయంత్రానికి అతుకేశారు. ధార రాగానే అత్తయ్య నవ్వింది.

పూడ్చకముందే ఈయన చేత టేపు పట్టించి ఫొటోలు తీశాను. గేటు స్తంభం నుంచి ఆరడుగులు, లోతు రెండున్నర. రేపు వార్డు సచివాలయంలో ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించేదాకా కదలను.