మా ఆయన కాలికి మూలకణాల ఇంజెక్షన్లు – నా అనుభవం

మా ఆయన టైలర్. నలభై కూడా దాటలేదు, షుగర్ లేదు, బీపీ లేదు, ఉన్నదల్లా బీడీలే. ఎడమ కాలి వేలు పక్కన పుండు లేస్తే చెప్పు కరిచిందనుకుని ఆయింట్‌మెంట్లు రాశాం. ఎంతకీ మానలేదు. తర్వాత రాత్రిళ్లు నొప్పి. పడుకుంటే మంట, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త నయం, అలా కూర్చునే తెల్లవార్లూ గడిపేవారు.

హైదరాబాద్‌లో వాస్కులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల డాక్టర్‌కు చూపించాకే జబ్బు పేరు తెలిసింది, బర్జర్స్ డిసీజ్. పొగాకు వాడేవాళ్లకే వస్తుంది, అదీ ఎక్కువగా 50 ఏళ్ల లోపు. కాళ్లూ చేతుల్లో రక్తనాళాలు వాచి, రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. చేతికి బీపీ పట్టీ చుట్టి, జెల్లీ రాసి, పెన్నులాంటి డాప్లర్ పెడితే నాడి చప్పుడు గదంతా వినిపించింది. అదే చీలమండ దగ్గర పెట్టి ఎంత వెతికినా సన్నటి గరగర తప్ప ఏమీ లేదు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా ఎక్కువ రావాలట, ఈయనకు 0.4 కూడా రాలేదు. మోకాలి కింద నాళాలన్నీ మూసుకుపోయాయి కాబట్టి బైపాస్ చేద్దామన్నా అతికించడానికి మంచి నాళం లేదన్నారు. కాలు తీసేయాల్సి రావచ్చు అన్న మాట వినగానే నాకు కాళ్లు వణికాయి.

ఈలోగా మా మరిది ఒక క్లినిక్ సంగతి పట్టుకొచ్చాడు. వెళ్తే మోకాళ్లకూ, షుగర్‌కూ, పక్షవాతానికీ అన్నిటికీ మూలకణాలే (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగలిగే కణాలు) అన్నారు. ఏ జబ్బుకు ప్రభుత్వ అనుమతి ఉందండీ అని అడిగితే ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. లేచి వచ్చేశాం. కొత్త చికిత్సను మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మా సర్జన్ చెప్పింది వేరు. బెంగళూరులో తయారయ్యే స్టెమ్‌ప్యూసెల్ అనే మూలకణాల మందును ఈ జబ్బుకు వాడడానికి, మందులకు అనుమతులిచ్చే మన డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న దాతల ఎముక మజ్జ నుంచి తీసి, ల్యాబ్‌లో పెంచిన కణాలవి. అవే రక్తనాళాలుగా మారిపోవు, కొత్త సన్న నాళాలు మొలిచేలా చుట్టూ ఉన్న కండకు సంకేతాలిస్తాయి. 2002లో జపాన్ డాక్టర్లు రోగుల సొంత మజ్జతోనే చేసి మంచి ఫలితం చూపించారనీ, 2015లో వచ్చిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో మాత్రం సొంత మజ్జ కణాలను ధమనిలోకి ఎక్కించినా కాళ్లు తీసేయడం తగ్గలేదనీ రెండూ చెప్పారు. అందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

కిలోకి 20 లక్షల కణాలు, ఈయన 60 కిలోలు, అంటే 12 కోట్లు. పిక్క మీద పెన్నుతో వరసగా చుక్కలు పెట్టుకుని, మత్తిచ్చి, చుక్క చుక్కకీ కొంచెం కొంచెంగా ఎక్కించారు. పుండు చుట్టూ కూడా వేశారు. కంగారుపడ్డంత ఏమీ కాలేదు, పిక్క వాచి నొప్పిగా ఉండి తగ్గింది.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. వారాలు గడిచినా తేడా కనిపించదు, డబ్బు మాత్రం అయిపోయింది. నెలల మీద రాత్రి నొప్పి తగ్గుతూ వచ్చింది, పుండు అంచుల నుంచి ఎర్రగా కండ పట్టింది. అప్పటికే నల్లబడిన చిటికెన వేలు మాత్రం తీసేశారు, చచ్చిన కండను ఏ కణాలూ బతికించలేవు. ఇప్పుడు కాలు మంచం మీదే పెట్టుకుని నిద్రపోతున్నారు, కుట్టు మిషన్ కూడా కుడి కాలితో తొక్కుతున్నారు.

బీడీ మానకపోతే ఇదంతా వృథా అని సర్జన్ ముందే ఖరాఖండిగా చెప్పారు. గుట్కా, ఖైనీ కూడా వద్దు, నికోటిన్ ప్యాచ్ అయినా ఈ జబ్బుకు మంచిది కాదట. మానడానికి ఆయన పడ్డ బాధ ఇంజెక్షన్ల కన్నా ఎక్కువ, నేను కళ్లారా చూశాను. షాపుకి బీడీ వెలిగించుకుని వచ్చేవాళ్లను ఇప్పుడు నేనే బయట ఆపుతున్నాను, ఎవరేమనుకున్నా సరే.