ఆ ఎనిమిది రోజులు

సందేహం అనగానే మనకు యేసు శిష్యుడైన తోమాయే గుర్తొస్తాడు. అతణ్ని మందలించని ప్రసంగీకుడు ఉండడేమో. నా మనసు మాత్రం యోహాను సువార్త 20వ అధ్యాయానికి వచ్చినప్పుడల్లా మిగతా పదిమంది శిష్యుల దగ్గరే ఆగిపోతుంది.

ప్రభువు మరణం నుంచి లేచిన రోజు సాయంత్రం తోమా వాళ్లతో లేడు. "మేము ప్రభువును చూచితిమి" అని వాళ్లు చెబితే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనే నమ్మనన్నాడు. ఆ వెంటనే 26వ వచనం చూడండి. ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు మళ్లీ లోపల ఉన్నారు, తోమా కూడా వాళ్లతోనే ఉన్నాడు. మనం గబగబా దాటేసే మాట ఇది. నమ్మనని తెగేసి చెప్పినవాడు నమ్మినవాళ్ల మధ్యే కూర్చున్నాడు! తలుపులు మూసుకుని బతుకుతున్న రోజులవి. అలాంటప్పుడు కూడా అతనికి లోపల చోటు దొరికింది.

ఆ మధ్య రోజులు ఎలా గడిచాయో వాక్యం చెప్పదు. కానీ కాస్త ఊహించండి. వాళ్లది పట్టలేని సంతోషం, ఇతనిది ఆరని దుఃఖం. "ఆయనతో కూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము" అన్నవాడు కదా తోమా! అంత ప్రేమించినవాడికి ఆ మరణం ఎంత గట్టిగా తగిలి ఉంటుంది! పదిమందీ కలిసి చెప్పిన సాక్ష్యం అతణ్ని ఒప్పించలేకపోయింది. అయినా వాళ్లు అతణ్ని పోగొట్టుకోలేదు.

వాళ్లకు తమ సంగతి తెలుసు మరి. సమాధి దగ్గర్నుంచి వచ్చి ప్రభువు లేచాడని స్త్రీలు చెప్పినప్పుడు, ఆ మాటలు వీళ్లకు వెర్రి మాటల్లా అనిపించాయని లూకా రాశాడు. పేతురు ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకినవాడు. అంతెందుకు, ప్రభువు తన చేతులను, ప్రక్కను చూపించాకే కదా వీళ్లు సంతోషించింది! తోమా అడిగింది వీళ్లకు అప్పటికే దొరికిందే. తన విశ్వాసం తన గొప్ప కాదని తెలిసినవాడే పక్కవాడి సందేహాన్ని ఓర్చుకోగలడు.

ఇంకో సంగతి. పేతురుకు ప్రభువు విడిగా కనబడ్డాడు. యాకోబుకు కనబడ్డాడని పౌలు కొరింథీయులకు రాశాడు. తోమాను కూడా ఏ దారిలోనో ఒంటరిగా కలుసుకుని ఉండవచ్చు. అలా చేయకుండా అందరూ ఉన్న ఆ గదికే వచ్చాడు. "నా ప్రభువా, నా దేవా" అని తోమా అన్నప్పుడు, అన్ని రోజులూ అతణ్ని భరించినవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్లు ముందే అతణ్ని దూరం పెట్టి ఉంటే ఆ మాట వినే భాగ్యం వాళ్లకు ఉండేదా?

మా నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక చాలాకాలం నాకు ప్రార్థన రాలేదు. ఆరాధనలో అందరూ పాడుతుంటే నోరు పెగిలేది కాదు. "విశ్వాసం తగ్గిందా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. ఒక పెద్దావిడ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి నా పక్కనే కూర్చునేది. "నువ్వు పాడకపోయినా ఫర్వాలేదమ్మా, నీ వంతు కూడా నేను పాడతాలే" అంది ఒకసారి. ఈ రోజు నేను విశ్వాసంలో నిలబడి ఉన్నానంటే దేవుడు ఆమెను నా పక్కన కూర్చోబెట్టాడు కాబట్టే.

అందుకే ఇప్పుడు మన సంఘాల్లో కొన్ని చూస్తే బాధేస్తుంది. రెండు వారాలు రానివాళ్లకు "సమాజముగా కూడుట మానక" అన్న వాక్యం మెసేజ్ పెట్టేస్తాం. ప్రేమ చూపడానికి ఒకరినొకరు పురికొల్పమని ఆ పక్కనే ఉన్న మాట వదిలేస్తాం. ప్రార్థన విన్నపం అంటూ ఒకరి ఇంటి సంగతులు పది ఇళ్లకు చేరవేస్తాం. గ్రూపులో "ప్రార్థిస్తున్నాం" అని టైప్ చేసి ఆ క్షణమే మర్చిపోతాం. స్వస్థత పొందినవాళ్లకు మైకు ఇస్తాం, ఇంకా మంచం మీదే ఉన్నవాళ్లను పలకరించం. 88వ కీర్తన మొదలు నుంచి చివరి దాకా ఏడుపే, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అయినా దేవుడు దాన్ని తన ప్రజలు పాడుకునే పాటల్లోనే ఉంచాడు. అలాంటి పాట పాడేవాళ్లకు మన ఆరాధనలో చోటుందా?

"సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని తన పత్రికలో రాశాడు యూదా. ఇది సలహా కాదు, ఆజ్ఞ. సంఘంలో ఎవరు మౌనంగా అయిపోయారో గమనించండి. ఫోన్ చేస్తే "ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకండి, "ఎలా ఉన్నావు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి, మధ్యలో వాక్యం అందుకోకండి. వాళ్లకు ప్రార్థన రాకపోతే వాళ్ల పేరు పెట్టి మీరు ప్రార్థించండి, వాళ్లు వింటుండగా ప్రార్థించండి. ఆదివారం వస్తే పక్కన కూర్చోండి. మౌనంగానే వెళ్లిపోతే వచ్చే వారం కూడా రమ్మనండి, ఆ పై వారం కూడా పిలవండి.