పోకెమాన్ గో: రోజూ బయటికి లాగేది ఏంటి?

ఫోన్ పట్టుకుని బయట తిరుగుతూ పోకెమాన్ అనే బొమ్మ జీవుల్ని పట్టుకునే ఈ ఆట 2016లో వచ్చింది. దాన్ని ఇంకా వదలనివాళ్లు ఆ బొమ్మల కోసమే ఆడుతున్నారనుకుంటే పొరపాటు. అసలు పట్టంతా రోజూ వరస తప్పకుండా ఆడించడంలో ఉంది. రోజుకో పోకెమాన్‌ని పట్టుకుంటూ పోతే ఏడో రోజు బోనస్ పెద్దది, ఒక్కరోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచే. లోపల పోకెమాన్ ఉండే 10 కిలోమీటర్ల గుడ్డు పొదగాలంటే అంత దూరం నడవాల్సిందే, బండి మీద వేగంగా పోతే దూరం సరిగా ఎక్కదు.

జిమ్ అంటే టీమ్‌ల వాళ్లు తమ పోకెమాన్‌ని కాపలా పెట్టే చోటు, దాని సంగతి ఇంకా బాగుంటుంది. మన పోకెమాన్ అక్కడ నిలిచిన ప్రతి పది నిమిషాలకో కాయిన్ (ఆటలో వాడే డబ్బు), రోజుకి 50 దాటవు. అవీ అది ఓడి తిరిగొస్తేనే చేతికొస్తాయి. నాలుగు రోజులు అక్కడే కూర్చుని వచ్చినా ఆ 50యే! అందుకే అవతలి టీమ్ వాళ్లు రోజూ వచ్చి పడగొట్టడం మనకే మేలు.

ఇక ఐదు నక్షత్రాల రైడ్ బాస్‌ని, అంటే నలుగురూ కలిసి ఓడించాల్సిన బలమైన పోకెమాన్‌ని, ఒక్కరే కొట్టడం చాలా కష్టం. పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ కొత్త మనిషిని పలకరించక తప్పదు. నన్నడిగితే అన్నిటికన్నా గట్టి కారణం అదే.