జాక్ క్లగ్‌మన్ బొంగురు గొంతు

బాసు చటర్జీ హిందీలో తీసిన ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ ముందే చూసి ఉన్నాను కాబట్టి, దానికి మూలమైన 1957 నాటి ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ చూడటానికి కూర్చున్నప్పుడు కథ నాకు కొత్త కాదు. తండ్రిని చంపాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న కుర్రవాడు దోషా కాదా అని పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒకే గదిలో కూర్చుని తేల్చుకోవడమే ఆ కథ; దోషి అనడానికి మొదట ఒప్పుకోనిది ఫోండా పాత్ర ఒక్కటే. మొదటిసారి నా చూపంతా హెన్రీ ఫోండా మీద, గొంతు చించుకుని అరిచే లీ జె. కాబ్ మీద నిలిచింది. మూడోసారో నాలుగోసారో చూస్తున్నప్పుడు గాని, తక్కువ మాటలతో, లోపల ఏదో అణచుకుంటున్నట్టు కూర్చున్న ఐదో నంబరు జ్యూరీ సభ్యుడిని నేను సరిగా గమనించలేదు. మురికివాడల్లో పుట్టినవాళ్లంతా నేరస్థులేనన్న ధోరణిలో తోటి సభ్యులు మాట్లాడుతుంటే, తాను పుట్టి పెరిగింది కూడా అలాంటి చోటేనని అతడు చెబుతాడు. ఆ చెప్పడంలో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంటుంది, ఆ సిగ్గు పడవలసి వచ్చినందుకు మళ్లీ కోపం ఉంటుంది. ఆ పాత్ర వేసిన నటుడు జాక్ క్లగ్‌మన్.

ఆ సినిమాలోని చాకు ఘట్టాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హతుడు పొడగరి, నిందితుడైన కుర్రవాడు పొట్టివాడు, గాయమేమో పైనుంచి కిందికి దిగింది. అదెలా సాధ్యమని చర్చ నడుస్తుంటే, మీట నొక్కగానే అలుగు బయటికి దూకే ఆ చాకును ఐదో నంబరు సభ్యుడు ఇమ్మని అడుగుతాడు. దాన్ని ముట్టుకోవడం అతనికి ఇష్టం లేదని ముఖం చూస్తే తెలుస్తుంది, కానీ చేతికి మాత్రం ఆ విద్య తెలుసు. చాకును కింది నుంచి పట్టుకుని, అలుగు తెరుచుకున్న ఊపులోనే ముందుకూ పైకీ పొడిచి చూపిస్తాడు. ఇలాంటి చాకు వాడటం తెలిసిన వాడెవడూ దాన్ని పైకెత్తి కిందికి దించడని అతడు చెప్పేసరికి, అంతదాకా దాచుకున్న తన బాల్యమే ఆ గదిలో సాక్ష్యంగా మారిపోతుంది. దర్శకుడు సిడ్నీ లూమెట్ ఆ క్షణాన్ని సాగదీయలేదు. క్లగ్‌మన్ కూడా చాకును తిరిగి ఇచ్చేసి మళ్లీ మామూలు మనిషై కూర్చుంటారు.

ఆ నటనలో సొంత అనుభవం పాలు ఎంతో కొంత ఉండే ఉంటుందని నా నమ్మకం. క్లగ్‌మన్ 1922 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో, రష్యా నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి ఇళ్లకు రంగులు వేసేవాడు, తల్లి టోపీలు కుట్టి పిల్లలను పెంచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి వచ్చాక జూదంలో అప్పులపాలై, వడ్డీ వ్యాపారికి భయపడి ఊరు వదిలిన సంగతిని ఆయన తర్వాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్‌లో నాటక విభాగంలో చేరితే, నటన కన్నా లారీ నడపడం నీకు నప్పుతుందని అక్కడివాళ్లు అన్నారట. యుద్ధం వల్ల మగ విద్యార్థులు కరవై తనకు చోటు దొరికిందని ఆయనే అనేవారు. అక్కడి నుంచి న్యూయార్క్ చేరి, అప్పటికి ఎవరికీ తెలియని చార్లెస్ బ్రాన్సన్‌తో కలిసి ఒకే గదిలో ఉంటూ అవకాశాల కోసం తిరిగారు. 1955లో హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్, ఫోండా నటించిన ‘ది పెట్రిఫైడ్ ఫారెస్ట్’ టెలివిజన్ ప్రత్యక్ష ప్రసార నాటకంలో చిన్న వేషం వేశారు. 1959లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే మీద ‘జిప్సీ’ సంగీత నాటకంలో, హాలు చివరి వరసదాకా వినిపించే ఎథెల్ మెర్మన్ కంఠం పక్కన తన జీర గొంతుతో నిలబడి నాటకరంగానికి ఇచ్చే టోనీ పురస్కారానికి నామినేషన్ పొందారు.

సినిమా ఆయనను సహాయ పాత్రలకే ఎక్కువగా వాడుకుంది. 1962 నాటి ‘డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్’లో తాగుడు మానడానికి జాక్ లెమన్‌కు చేయూతనిచ్చే మనిషిగా ఆయన చక్కగా చేశారు. అయినా, క్లగ్‌మన్ ఎవరో తెలియాలంటే ఆ కాలపు టెలివిజన్ చూడాలి. వింత కథల ధారావాహిక ‘ది ట్విలైట్ జోన్’లో ఆయన ప్రధాన పాత్ర వేసిన ఎపిసోడ్లు నాలుగున్నాయి. వాటిలో 1963 సెప్టెంబరులో ప్రసారమైన ‘ఇన్ ప్రెయిజ్ ఆఫ్ పిప్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. పందేలు కట్టించుకుని బతికే ఒక తాగుబోతుకు, తన కొడుకు దక్షిణ వియత్నాంలో గాయపడి చావుబతుకుల్లో ఉన్నాడని కబురు వస్తుంది. వియత్నాం ఇంకా అమెరికాలో ఇంటింటి చర్చ కాని రోజులవి. గాయంతో తూలుతూ మూసేసిన వినోద స్థలంలోకి వెళ్లిన తండ్రికి, కొడుకు పదేళ్ల పిల్లవాడిగా కనిపిస్తాడు. ఇద్దరూ ఒక గంటసేపు ఆడుకుంటారు. తర్వాత, తన ప్రాణం తీసుకుని కొడుకును బతికించమని ఆ తండ్రి దేవుణ్ని అడుగుతాడు. ఇలాంటి సన్నివేశం మామూలు నటుడి చేతిలో పడితే కన్నీటి నాటకం అయ్యేది. క్లగ్‌మన్ నోట అది, అలవాటు కొద్దీ కడుతున్న ఆఖరి పందెంలా వినిపిస్తుంది. జూదం సంగతి తెలిసిన మనిషి కాబట్టే ఆ బేరం అంత సహజంగా పలికిందనిపిస్తుంది. మరుసటి ఏడు ‘ది డిఫెండర్స్’ ధారావాహికలో, కమ్యూనిస్టు ముద్ర పడి పనికి దూరమైన నటుడి పాత్రకు ఆయన టెలివిజన్ పురస్కారమైన ఎమ్మీని తొలిసారి అందుకున్నారు.

నీల్ సైమన్ నాటకం ఆధారంగా వచ్చిన ‘ది ఆడ్ కపుల్’ 1970 నుంచి 1975 వరకు ప్రసారమై ఆయనకు ఇంటింటా పేరు తెచ్చింది. గది నిండా చెత్త పోసుకునే క్రీడా విలేకరి ఆస్కర్‌గా క్లగ్‌మన్, ధూళి కణాన్ని కూడా సహించలేని ఫీలిక్స్‌గా టోనీ రాండల్ నటించారు. మొదటి ఏడాది రికార్డు చేసిన నవ్వులను జోడించి ప్రసారం చేస్తే ఇద్దరికీ నచ్చలేదు. రెండో ఏడాది నుంచి ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టుకుని ఆడారు, తేడా స్పష్టంగా కనబడుతుంది. ఆ పాత్రకు మరో రెండు ఎమ్మీలు వచ్చాయి.

తర్వాత 1976లో ‘క్విన్సీ’ మొదలైంది. లాస్ ఏంజెలిస్‌లో శవపరీక్షలు చేసే వైద్యుడు, మరణాల వెనుక ఉన్న అన్యాయాలను వెలికి తీయడం దాని ఇతివృత్తం. ఉపన్యాసాలు ఎక్కువయ్యాయని కొందరు దాన్ని తీసిపారేస్తారు గాని, ఆ ఉపన్యాసాల్లో ఒకటి చట్టమైంది.

చాలా కొద్దిమందికే వచ్చే జబ్బులకు మందు కనిపెట్టినా, అమ్మకాలతో ఖర్చు కూడా తిరిగి రాదు కాబట్టి కంపెనీలు వాటిని పట్టించుకునేవి కావు. దిక్కులేనివి కాబట్టి వాటికి ‘ఆర్ఫన్ డ్రగ్స్’ అన్న పేరు వచ్చింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడైన హెన్రీ వాక్స్‌మన్ ఈ విషయంపై విచారణ జరిపితే, దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు. పత్రికలో వచ్చిన చిన్న వార్త క్లగ్‌మన్ అన్న మారిస్ కంటపడింది. ‘క్విన్సీ’కి రచయితల్లో ఒకడైన ఆయన, తమ ప్రమేయం లేకుండానే ఒళ్లు అదిరి అరుపులు వచ్చే టూరెట్ సిండ్రోమ్ అనే నాడీ జబ్బు రోగుల మీద ఒక ఎపిసోడ్ రాశారు. అది ప్రసారమైన 1981 మార్చిలోనే క్లగ్‌మన్ స్వయంగా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని సాక్ష్యమిచ్చారు. అంతవరకు ఒక్క విలేకరి రావడమే గగనమైన ఆ విచారణకు కెమెరాలు బారులు తీరాయి. బిల్లు సెనేట్‌లో చిక్కుకున్నప్పుడు, 1982లో రెండో ఎపిసోడ్ తీశారు. అందులో వీధి నిండా ఊరేగింపుగా కదిలిన వందల మందిలో చాలామంది నిజమైన రోగులే. 1983 జనవరి 4న అధ్యక్షుడు రీగన్ సంతకంతో ఆర్ఫన్ డ్రగ్ చట్టం అమల్లోకి వచ్చింది. అలాంటి మందు తెచ్చిన కంపెనీకి ఏడేళ్లపాటు పోటీ లేకుండా అమ్ముకునే హక్కునూ, పన్ను రాయితీలనూ అది ఇచ్చింది. అంతకుముందు దశాబ్దంలో పట్టుమని పది మందులు కూడా రాని రంగంలో, ఆ తర్వాత వందల కొద్దీ వచ్చాయి. వాటి ధరలు సామాన్యుడికి అందవన్న విమర్శ నిజమే, దాన్ని నేను కాదనను. కాని అసలు మందే లేని స్థితిని దాటించిన వాళ్లలో ఒక నటుడి పేరు ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆయన విడవకుండా సిగరెట్లు కాల్చేవారు. 1974లోనే గొంతులో క్యాన్సర్ బయటపడి చికిత్స జరిగింది. అది తిరగబెట్టడంతో 1989లో శస్త్రచికిత్స చేసి ఒక స్వరతంతువును తీసివేశారు. గుసగుసకు మించి మాట పెగలని స్థితిలో, నటుడిగా తన పని అయిపోయిందనే అనుకున్నారు. ఆ రోజుల్లో ఆస్పత్రికి మొదట వచ్చినవాళ్లలో టోనీ రాండల్ ఒకరు. నువ్వు మళ్లీ నిలబడదలచుకుంటే నాటకం నేను ఏర్పాటు చేస్తానని రాండల్ మాట ఇచ్చారు. క్లగ్‌మన్ స్వర శిక్షకుడి దగ్గర నెలల తరబడి సాధన చేశారు. చివరికి ఒక రాత్రి, రాండల్ నెలకొల్పిన నాటక సంస్థకు నిధుల కోసం ఇద్దరూ బ్రాడ్‌వే మీద ‘ది ఆడ్ కపుల్’ ఆడారు. సన్నగా గరగరలాడుతూ వచ్చిన మాటకు మొదట హాలంతా నిశ్శబ్దమై, ఒక్కో మాటా అందుకోవడానికి చెవులు రిక్కించి, తర్వాత మనసారా నవ్వింది. 1993లో తీసిన టీవీ చిత్రంలోనైతే ఆస్కర్‌కు కూడా గొంతు ఆపరేషన్ జరిగినట్టే కథ రాసి, ఆ స్వరాన్ని దాచకుండా వినిపించారు. ఇప్పుడు వింటే తెగిన తీగ మీద విల్లు గీసినట్టుంటుంది గాని, మాట విసరవలసిన చోట విసరడంలో, ఆగవలసిన చోట ఆగడంలో తప్పు పడదు. 1997లో మళ్లీ ఇద్దరూ కలిసి ‘ది సన్‌షైన్ బాయ్స్’ ఆడారు. 2004లో రాండల్ చనిపోయాక, మరుసటి ఏడు ఆ స్నేహం గురించి క్లగ్‌మన్ ఒక పుస్తకం రాశారు.

ఐదో నంబరు సభ్యుడిగా ఆయన నటించిన సినిమాలోని పన్నెండుమందిలో చివరికి మిగిలింది ఆయనొక్కరే. 2012లో న్యూజెర్సీలోని ఒక నాటకశాల ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ను ప్రదర్శించబూనినప్పుడు, తొంభై ఏళ్లు నిండబోతున్న క్లగ్‌మన్, ఫోండా పక్షానికి మొదట ఓటు మార్చే ముసలాయన, తొమ్మిదో నంబరు సభ్యుడి పాత్ర వేయడానికి ఒప్పుకున్నారు. ఆరోగ్యం సహకరించక తప్పుకోవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న కన్నుమూశారు.