అద్దాల గోడను డిసెంబరులో చూడండి

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఫ్లాటు కొనే మనవాళ్లు నీళ్ల గురించి అడుగుతారు, పార్కింగ్ గురించి అడుగుతారు. ఎదురుగా లేస్తున్న అద్దాల ఆఫీసు ఎండను ఎక్కడికి తిప్పికొడుతుందో అడిగేవాళ్లు తక్కువ. అడిగినా మే నెలలో వెళ్లి చూసి, ఏమీ లేదనుకుంటారు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడ మీద ఎండే పడదు. డిసెంబరు 21 మధ్యాహ్నం మాత్రం దక్షిణాన సుమారు 54 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు గోడను చూడాల్సింది అప్పుడు.

గోడ చదునుగా ఉంటే కళ్లు జిగేల్మంటాయి. రోడ్డు చివర ఎదురుగా ఉంటే సిగ్నల్ కూడా కనిపించదు, అదీ చిన్న విషయం కాదు. కానీ వస్తువులు కరిగేది గోడ లోపలికి వంగినప్పుడు. లండన్‌లోని 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం 2013లో కింద ఆపిన కారు భాగాలను వంచేసింది, మరుసటి ఏడు దానికి నీడ రెక్కలు బిగించారు. లోహమూ ఇంతే: లాస్ ఏంజెలెస్‌లో డిస్నీ కాన్సర్ట్ హాల్ నున్నటి స్టీలు పలకలను 2005లో రుద్ది మెరుపు తీసేశారు.

లెక్క కష్టం కాదు. వంపు వ్యాసార్థంలో సగం దూరంలో వెలుగు కూడుతుంది. వ్యాసార్థం 60 మీటర్లయితే ఆ చోటు 30 మీటర్ల అవతల. సూర్యుడు 54 డిగ్రీల మీద ఉంటే, 41 మీటర్ల ఎత్తున ఉన్న అద్దం నుంచి వెలుగు అక్కడి నేలను తాకుతుంది. అది ఫుట్‌పాతా, పిల్లలు ఆడే చోటా అన్నది ప్లాన్‌లోనే చూడాలి.

ప్లాన్‌లో కనిపించని వంపు ఇంకొకటి ఉంది. డబుల్ గ్లేజింగ్ యూనిట్‌లో రెండు అద్దాలుంటాయి, వాటి మధ్య గాలిని సీల్ చేస్తారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నై కంటే దాదాపు పది శాతం తక్కువ. ఇక్కడ సీల్ చేసి చెన్నైలో బిగిస్తే బయటి గాలి అద్దాన్ని లోపలికి నొక్కుతుంది. మీటరు వెడల్పు అద్దం నడుమ 2 మిల్లీమీటర్లు లోపలికి పోయినా చాలు, 31 మీటర్ల దూరంలో వెలుగును కూర్చే పుటాకార దర్పణం అవుతుంది. అందుకే యూనిట్ ఎక్కడ సీల్ చేశారో, ఒత్తిడి సమం చేసే సన్న గొట్టం పెట్టారో లేదో సరఫరాదారుని అడగాలి.

కట్టేశాక అయితే వెలుగు మచ్చ అంచును పదిహేను నిమిషాలకోసారి సుద్దతో గీయండి. వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచేముందు అక్కడ నల్ల టేపు అంటించండి, మెరిసే ఉపరితలం మీద అది తక్కువ చూపిస్తుంది. కొలవడం ఎందుకంటే, పైపులకు వాడే పీవీసీ ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది.

అద్దానికి లోపలివైపు ఎండను ఆపే ఫిల్మ్ అంటించడం సరైన మందు కాదు. బయటి ముఖం మెరుపు తగ్గదు, అద్దం వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. బయట అడ్డ రెక్కలే నయం. దక్షిణపు గోడకు 30 సెంటీమీటర్ల లోతు రెక్కలు 41 సెంటీమీటర్లకొకటి పెడితే డిసెంబరు మధ్యాహ్నానికి సరిపోతాయి, కానీ పొద్దున తొమ్మిదికి 28 సెంటీమీటర్లకొకటి కావాలి. తూర్పు, పడమర గోడలకు అడ్డ రెక్కలు చాలవు, నిలువువి పెట్టాలి.